రామప్ప రైడ్‌కు ముందు బ్రేకులు చూసుకుందాం

అందరికీ నమస్తే! ఆదివారం పొద్దున రామప్ప పోతున్నాం కదా. శనివారం సాయంత్రం 5 గంటలకు హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ దగ్గరికి బండ్లు తీసుకొని రండి. గంట పని.

ఈలోపు ఇంట్లోనే ముందు చక్రం బ్రేక్ లివర్ నొక్కి చూడండి. స్పాంజిలా మెత్తగా లోపలికి పోతుంటే లైన్‌లో గాలి చేరినట్టు, లేదా ఆయిల్ పాతబడినట్టు. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటది. బాగా వేడెక్కితే ఆ తేమ ఆవిరై, లివర్ ఎంత నొక్కినా బండి ఆగదు. నాకు మొన్న ఘాట్ దిగుతుంటే అదే అయింది. మూడేళ్లు మార్చలేదు, తప్పు నాదే! రెండేళ్లకోసారి మార్పించాలి. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 4 అని ఉంటే అదే పోయించండి. డాట్ 5 వద్దు, అది సిలికాన్‌ది, దీంతో కలవదు.

ప్యాడ్లు అరిగితే గురువారంలోగా వేయించండి. కొత్తవి మొదటిరోజే గట్టిగా పట్టవు, ఖాళీ రోడ్డు మీద మెల్లగా బ్రేకులు వేస్తూ అలవాటు చేయాలి. చైన్ లూబ్ కొట్టేటప్పుడు డిస్క్‌కు గుడ్డ అడ్డం పెట్టండి.

డ్రమ్ బ్రేకుల వాళ్లకు టెన్షన్ వద్దు, బిగించడానికి స్పానర్లు నేను తెస్తా.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా పేరు, బండి మోడల్ ఇక్కడే పెట్టండి. హెల్మెట్ మరవద్దు, వెనక కూర్చునేవాళ్లకు కూడా.