డగ్లస్ జంగ్ జీవితాన్ని మా పిల్లల పాఠంలో చేర్చండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన బ్రిటిష్ కొలంబియా విద్యా, శిశు సంరక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను వాంకూవర్ పక్కనున్న బర్నబీలో ఉంటున్న తెలుగువాడిని, పదో తరగతి చదువుతున్న అమ్మాయికి తండ్రిని. ఈ లేఖ ఆంగ్ల ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. ఇది మీ శాఖలోనే కాక మా ఇళ్లలో కూడా మాట్లాడుకోవలసిన విషయమని నమ్ముతున్నాను కాబట్టి ముందుగా నా భాషలో రాస్తున్నాను. నా విన్నపం ఒక్కటే. కెనడా పార్లమెంటుకు ఎన్నికైన మొట్టమొదటి చైనీస్ సంతతి సభ్యుడు, వాంకూవర్ న్యాయవాది డగ్లస్ జంగ్ రాజకీయ జీవితాన్ని పదో తరగతి సాంఘిక శాస్త్రంలో అందరూ చదవవలసిన పాఠంగా చేర్చండి.

ఈ ఆలోచన మా అమ్మాయి అడిగిన ప్రశ్నతో మొదలైంది. వాళ్ల పాఠాల్లో ఈ దేశానికి వచ్చే చైనీయులపై మనిషికింత అని వేసిన తల పన్ను ఉంది, 1914లో 376 మంది భారతీయులతో వాంకూవర్ వచ్చి రెండు నెలల పాటు రేవులో నిలిచిపోయి, చివరికి దాదాపు అందరితో వెనుదిరగవలసి వచ్చిన కొమగాటమారు ఓడ ఉంది, చాలా ఏళ్ల తర్వాత ప్రభుత్వాలు చెప్పిన క్షమాపణలూ ఉన్నాయి. అంతా విని, "మరి ఆ చట్టాలు మధ్యలో ఎలా పోయాయి నాన్నా? వాటంతటవే పోయాయా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. వాంకూవర్ బరార్డ్ వీధిలో 401వ నంబరు ఫెడరల్ భవనానికి 2007 నుంచి డగ్లస్ జంగ్ పేరే ఉంది. ఆ భవనం ముందు నుంచి ఎన్నోసార్లు నడిచి వెళ్లిన నేను, ఆయన ఎవరో తెలుసుకోవడానికి ఆ ప్రశ్న కావలసి వచ్చింది.

ఆ మధ్యకాలమంతా ఒక్క మనిషి జీవితంలో కనిపిస్తుంది. 1885లో 50 డాలర్లుగా మొదలైన తల పన్ను 1903 నాటికి 500 డాలర్లయింది. అది సుమారుగా ఒక కూలీ రెండేళ్ల సంపాదన. అదీ చాలదన్నట్టు 1923 జులై 1న అమల్లోకి వచ్చిన చైనీస్ వలస చట్టం దాదాపుగా తలుపులన్నీ మూసేసింది. కెనడా అవతరణ దినంగా దేశమంతా పండుగ చేసుకునే ఆ రోజును చైనీస్ కుటుంబాలు అవమాన దినంగా గుర్తుపెట్టుకున్నాయి. ఆ చట్టం ప్రకారం ఇక్కడే పుట్టిన పసిపిల్లలు కూడా ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. చట్టం వచ్చి ఎనిమిది నెలలైనా నిండకముందే, 1924 ఫిబ్రవరిలో, విక్టోరియాలో డగ్లస్ జంగ్ పుట్టారు. పుట్టిన గడ్డ మీదే ఆయనకు పౌరుడి హక్కులు లేవు.

మా పిల్లలకు ముఖ్యంగా తెలియాలని నేను కోరుకునేది ఇక్కడే ఉంది. బ్రిటిష్ కొలంబియాలో చైనీయుల ఓటు హక్కును 1870లలోనే తీసేశారు. ఓటు లేకపోవడమంటే ఎన్నికల రోజు ఇంట్లో కూర్చోవడం ఒక్కటే కాదు. న్యాయవాది కావాలన్నా, ఫార్మసిస్టు కావాలన్నా ప్రావిన్స్ ఓటర్ల జాబితాలో పేరుండాలని నిబంధన. అంటే, చైనీయులు న్యాయవాద వృత్తి చేయరాదని ఏ చట్టంలోనూ నేరుగా రాయనక్కరలేకుండానే, ఓటర్ల జాబితా అనే ఒక్క కాగితంతో ఆ వృత్తిని వాళ్లకు అందకుండా చేశారు. చదువుంటే చాలు, కష్టపడితే చాలు అని మా పిల్లలకు రోజూ చెప్పే మాలాంటి తల్లిదండ్రులు ఈ నిబంధన గురించి తప్పక తెలుసుకోవాలి. ఆ కాలపు చైనీస్ పిల్లలకు చదువు, కష్టం రెండూ ఉన్నా దారి లేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆ యువకుల మధ్య పెద్ద చర్చ జరిగింది. మనల్ని మనుషులుగా లెక్కించని దేశం కోసం ఎందుకు పోరాడాలని కొందరు అడిగారు. ముందు పోరాడితే ఆ తర్వాత హక్కులు అడిగే నైతిక బలం వస్తుందని మరికొందరు వాదించారు. జంగ్ రెండో వర్గంలో ఉన్నారు. 1944 వేసవిలో ఒకానగాన్ సరస్సు ఒడ్డున, ఇప్పుడు కమాండో బే అని పిలిచే చోట, రహస్యంగా శిక్షణ పొందిన 13 మంది చైనీస్ కెనడియన్లలో ఆయన ఒకరు. జపాన్ సేనల వెనుక ప్రాంతాల్లో దిగి పనిచేయడానికి బ్రిటిష్ వారి రహస్య దళం ఫోర్స్ 136 వాళ్లను తయారుచేసింది. వాళ్లను చైనాకు పంపే పథకం తర్వాత రద్దయింది కానీ, ప్రాణాలకు సిద్ధపడి వెళ్లినవారు ఇంటికొచ్చి ఓటు అడిగారు. 1947లో చైనీస్ వలస చట్టం రద్దయింది, ఆ ఏడాదే ఈ ప్రావిన్స్‌లో చైనీయులకు ఓటు హక్కు తిరిగి వచ్చింది. ఒక చిన్న సమాజం తన బిడ్డలను పణంగా పెట్టి సాధించుకున్న హక్కు అది. అంతటి మూల్యం ఎవరి దగ్గరా అడగకూడదన్న మాట కూడా ఆ పాఠంలోనే చెప్పాలని నా అభిప్రాయం.

ఆ తర్వాత జంగ్ బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1954లో న్యాయవాదిగా నమోదై, మరుసటి ఏడాది ఈ ప్రావిన్స్ అప్పీల్ కోర్టులో వాదించిన తొలి చైనీస్ కెనడియన్ న్యాయవాది అయ్యారు. పదేళ్ల కిందట ఆయన పేరును జాబితాలోకే రానివ్వని వ్యవస్థ అది. 1956లో ప్రావిన్స్ శాసనసభ ఉప ఎన్నికలో పోటీ చేసి ఓడిపోయారు. ఓటమి తర్వాత ఆగలేదు. 1957 జూన్ ఫెడరల్ ఎన్నికల్లో ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీ అభ్యర్థిగా వాంకూవర్ సెంటర్‌లో నిలబడి, సాక్షాత్తూ దేశ రక్షణ మంత్రి రాల్ఫ్ క్యాంప్నీనే ఓడించారు. ఓటు హక్కు కూడా లేకుండానే యుద్ధానికి వెళ్లిన ఒక మాజీ సైనికుడు, సైన్యానికి బాధ్యత వహించే మంత్రిని బ్యాలెట్ పెట్టె ద్వారా ఇంటికి పంపాడంటే పదిహేనేళ్ల పిల్లలకు ప్రజాస్వామ్యం గురించి వేరే నిర్వచనం చెప్పనక్కరలేదు.

ప్రధాని డీఫెన్‌బేకర్ ప్రభుత్వం ఆయనను ఐక్యరాజ్యసమితికి కెనడా ప్రతినిధిగా పంపింది. అక్కడ ఆయన తన స్థానంలో కూర్చోబోతే, అది కెనడా ప్రతినిధులకు కేటాయించిన కుర్చీ అని సిబ్బంది అడ్డుచెప్పారని, కెనడా ప్రతినిధిని తానేనని ఆయన చెప్పుకోవలసి వచ్చిందని తరచుగా చెబుతారు. ఈ దేశంలో పుట్టి పెరిగినా "అసలు మీరు ఎక్కడివారు?" అన్న ప్రశ్న వింటున్న మా పిల్లలకు ఈ సంఘటనను విడమరిచి చెప్పవలసిన పని ఉండదు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 1960 నాటి వ్యవహారం. వలస చట్టం మూసేసిన తలుపుల వల్ల, ఎందరో చైనీయులు వేరొకరి కొడుకులమని కాగితాలు చూపించి ఈ దేశానికి వచ్చారు. వారినే కాగితపు కొడుకులు అనేవారు. దశాబ్దాల పాటు సొంత ఇంటిపేరు కూడా చెప్పుకోలేక భయంభయంగా బతికారు. ఆ ఏడాది పోలీసులు చైనీస్ ఇళ్లలో, సంఘాల కార్యాలయాల్లో సోదాలు జరిపినప్పుడు ఆ భయం ఇంకా పెరిగింది. చివరకు వలస మంత్రి ఎలెన్ ఫెయిర్‌క్లో ఆధ్వర్యంలో, నిజం చెప్పుకున్నవారికి క్షమాభిక్ష ఇచ్చే పథకం వచ్చింది. వేలాది మంది తమ అసలు పేర్లతో చట్టబద్ధ నివాసులయ్యారు. పార్లమెంటులో తమ భాష తెలిసిన, తమ భయం తెలిసిన, చట్టం లోతుపాతులు కూడా తెలిసిన ఒక సభ్యుడు ఉండటం ఆ పథకం రావడానికి ఎంతో తోడ్పడింది. ఆ ఘనత మొత్తాన్నీ ఆయన ఒక్కరికే కట్టబెట్టమని నేను కోరను. సంఘాల పెద్దలు, కుటుంబాలు, ఎన్నో ఏళ్లుగా వినతులు రాసినవారు దాని వెనుక ఉన్నారు.

ఆయనను దేవుడిలా చూపమని కూడా అడగడం లేదు. 1958లో గెలిచారు, 1962లో ఓడిపోయారు. ఆ తర్వాత 1974లో ఆర్ట్ లీ గెలిచేదాకా పన్నెండేళ్ల పాటు పార్లమెంటులో మరో చైనీస్ కెనడియన్ కనిపించలేదు. మొదటి మనిషి లోపలికి అడుగుపెట్టగానే తలుపు దానంతటదే తెరిచి ఉండిపోదని పిల్లలకు ఈ పన్నెండేళ్ల ఖాళీ కూడా నేర్పాలి.

ఒక తెలుగువాడు ఈ విషయం ఎందుకు అడుగుతున్నాడని మీకు అనిపించవచ్చు. ఈ ప్రావిన్స్ భారతీయుల ఓటును కూడా 1907లో తీసేసి, చైనీయులకు తిరిగి ఇచ్చిన 1947లోనే మాకూ తిరిగి ఇచ్చింది. ఓటర్ల జాబితా మెలిక మా వాళ్లకూ వర్తించింది. మా తెలుగు కుటుంబాల్లో చాలావరకు 1967లో చదువు, నైపుణ్యాలను బట్టి వలసదారులను ఎంచుకునే పాయింట్ల పద్ధతి వచ్చిన తర్వాతే ఇక్కడికి చేరుకున్నాయి. అప్పటికే ఎవరో చదును చేసి పెట్టిన దారిలో నడిచి వచ్చిన మేము, ఆ దారి చేసినవారి పేర్లు మా పిల్లలకు చెప్పకపోతే అది మా కృతఘ్నతే అవుతుంది.

2014 మే 15న మన శాసనసభ చైనీస్ కెనడియన్లకు క్షమాపణ చెప్పిన తర్వాత బడుల కోసం అదనపు బోధన సామగ్రి తయారైంది. అది మంచి పని. కానీ అదనపు సామగ్రి అనేది తీరిక, ఆసక్తి ఉన్న ఉపాధ్యాయుల తరగతికే చేరుతుంది. అందుకే నా విన్నపాన్ని స్పష్టంగా రాస్తున్నాను. తల పన్ను చెప్పే పాఠంలోనే ఓటర్ల జాబితాకూ వృత్తులకూ ఉన్న లింకును చెప్పించండి. 1957 ఎన్నికను, 1960 క్షమాభిక్షను ఆ పాఠానికి కొనసాగింపుగా పెట్టించండి. నాటి నమోదు పత్రాలను, పార్లమెంటు చర్చల ప్రతులను పిల్లల చేత చదివించండి. ఉపాధ్యాయులకు దీనిపై శిక్షణ ఇవ్వడానికి ఒక రోజు కేటాయించండి. వచ్చే విద్యాసంవత్సరానికి ముందే చైనీస్ కెనడియన్ మాజీ సైనికుల కుటుంబాలతో, చరిత్ర ఉపాధ్యాయులతో ఒక సమావేశం పెడితే, పిలవకపోయినా వచ్చి వెనక వరసలో కూర్చుని వినడానికి నేను సిద్ధం.

మా అమ్మాయి ప్రశ్నకు ఇప్పుడు నేను ఇంట్లో సమాధానం చెప్పగలిగాను. ఆమె పక్కన కూర్చునే పిల్లలకు ఆ సమాధానం తరగతి గదిలోనే అందేలా చూడమని కోరుతూ, మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

భవదీయుడు,
బర్నబీలోని ఒక తెలుగు తండ్రి