మే నెలలో కొట్టు మూత, మధ్యలో కొలంబియా మజిలీ

మే రెండో వారం నుంచి మన కాఫీ కొట్టు కొన్నాళ్ళు మూసి ఉంటుంది. అమ్మాయి కాన్వొకేషన్‌కి మా ఆయనా నేనూ న్యూజెర్సీ వెళ్తున్నాం. తిరుగు ప్రయాణంలో నేను కొలంబియాలో ఆగుతున్నానని కొట్లో ఎవరితోనో అన్నాను. అంతే, ‘అక్క కొలంబియా గింజలు తెస్తోందట, జూన్ నుంచి అమ్ముతుందట’ అని అరకిలో అడ్వాన్స్ బుకింగులు కూడా మొదలయ్యాయి. డబ్బులిచ్చినవాళ్ళకి తిరిగి ఇచ్చేశాను. సంగతేమిటో అందరికీ ఒకేసారి చెబితే మంచిదని ఇది రాస్తున్నాను.

కొలంబియాలో ఆగే మాట నిజం. మూడు రాత్రులు. గింజలు తెచ్చి అమ్మే మాట మాత్రం నిజం కాదు. మన దేశంలోకి కాఫీ తెస్తే దిగుమతి సుంకమే నూరు శాతం. పైగా పచ్చి గింజలు ఇష్టం వచ్చినట్టు బ్యాగులో వేసుకుని రావడానికి మొక్కల క్వారంటైన్ నిబంధనలు ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడమే మంచిది. అక్కడి తెగులో పురుగో మన అరకు తోటల్లోకి వస్తే నా కొట్టే ఉండదు. వేయించిన కాఫీ ఒకటి రెండు ప్యాకెట్లు తెస్తాను. అది మనం రుచి చూడటానికే. నేను వచ్చిన వారం ఎవరైనా కొట్టుకి వస్తే ఒక కప్పు పోస్తాను. చికోరీ కలపమని మాత్రం అడక్కండి.

ఈ ప్రయాణం ఖర్చు కాఫీ ధరలో కలిపానా అని కూడా ఒకరు సరదాగా అడిగారు. సరదాకైనా జవాబు చెప్పాలి. లేదు, అది ఇంటి డబ్బు. మన ధర పెరిగింది వేరే కారణానికి. బ్రెజిల్‌లో 2024లో వానలు లేక పంట దెబ్బతింది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా రకం కాఫీ పౌను (దాదాపు 450 గ్రాములు) 4 డాలర్లు దాటింది, 1977 నాటి రికార్డు కూడా వెనక్కి పోయింది. ఆ ధర చూసే మన ఏజెన్సీలో కూడా బేరం నడుస్తుంది. పండించేవాళ్ళకి నాలుగు రూపాయలు ఎక్కువ అందితే నాకు ఏడుపు లేదు గానీ, నేను కొనే ధర, మీరు కొనే ధర రెండూ పెరిగాయి. కొలంబియా వెళ్ళొచ్చినంత మాత్రాన అవి తగ్గవు.

మరి ఎందుకు ఆగుతున్నానంటే, ఆరబోత చూడటానికి.

మన కొండల్లో పళ్ళు కోసేది నవంబరు నుంచి. అదే బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు గుర్తుందిగా. కోసిన పళ్ళు కళ్ళంలో ఉండగా వాన పడితే గింజకి బూజు వాసన పడుతుంది. అది ఎంత వేయించినా పోదు, డికాషన్‌లో మట్టి వాసనలా తేలుతుంది. అలాంటి లాట్లు నేను వెనక్కి పంపేస్తాను. మొన్న పీబెర్రీ (పండులో రెండు గింజల బదులు ఒక్కటే గుండ్రంగా వచ్చేది) దొరకలేదని మీలో కొందరు విసుక్కున్నారు కదా, కారణం అదే. కొలంబియా కాఫీ కొండల్లో ఏడాదిలో రెండు వానాకాలాలు. ఏప్రిల్, మే ఒకటి, అక్టోబరు, నవంబరు ఇంకొకటి. కోత కూడా ఆ వానల్లోనే చాలా చోట్ల జరుగుతుంది. అయినా అక్కడి చిన్న రైతులు ఇంటి దగ్గరే పండు తొక్క తీసి, పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు పులియబెట్టి, కడిగి, తేమ పది పన్నెండు శాతానికి దిగేదాకా ఆరబెట్టి అమ్ముతారు. వానలో ఇదెలా కుదురుతుంది?

ఇంటి పైకప్పు పట్టాల మీద జరుగుతుందట. కప్పు కింద చదునుగా ఆరబోత నేల. ఎండ వస్తే కప్పు పక్కకి తోస్తారు, మబ్బు పడితే మళ్ళీ లాగేస్తారు. దాన్ని ఎల్బా అంటారు. స్తోమత లేనివాళ్ళు వంచిన బద్దల మీద ప్లాస్టిక్ షీటు కప్పి సొరంగంలా కట్టుకుంటారు. వీడియోల్లో బోలెడు చూశాను. కప్పు బరువెంత, ఒక్కరే తోయగలరా, షీటు కింద చెమ్మ పట్టకుండా గాలి ఎటు నుంచి వదులుతారు, ఎన్నిసార్లు తిరగేస్తారు, ఇవి వీడియోలో తెలియవు. నాకు గింజలిచ్చే రైతులు కొందరు ఎకరం, రెండెకరాల వాళ్ళు. పెద్ద డ్రయ్యర్లు పెట్టుకోలేరు. వాళ్ళకి పనికొచ్చేది ఏదైనా ఉంటే చూసి, ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని రావాలని నా ఆశ.

మే నెల వెళ్తున్నానంటే, నేను వెళ్ళే కాఫీ ప్రాంతం కిందియో వైపు అప్పుడు పెద్ద పంట ఉండదు, అది సెప్టెంబరు నుంచి డిసెంబరు. ఏప్రిల్, మే నెలల్లో చిన్న పంట ఒకటి ఉంటుంది. మితాకా అంటారు. దాని చివర పట్టుకోగలనేమో. వానలో ఎలా ఆరబెడతారో చూడాలనుకునేదానికి వానల్లో వెళ్ళడమే సరి అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఇక ప్లాను. ముందు అందరూ చెప్పింది బొగొటాలోనే ఉండిపొమ్మని. రాజధాని, బంగారు వస్తువుల మ్యూజియం, కేబుల్ కారెక్కి మొన్సెరాత్ కొండ, ఊరికి ఉత్తరాన సిపాకిరాలో ఉప్పు గని లోపల కట్టిన చర్చి. అన్నీ గొప్పవే. కానీ బొగొటా 2,600 మీటర్ల ఎత్తున ఉంది. ఆ చలికి, ఆ ఎత్తుకి కాఫీ చెట్టు ఉండదు. కాఫీ కావాలంటే కిందికి దిగాలి. రోడ్డున కిందియోలోని ఆర్మేనియా ఊరు (ఆ పేరుగల దేశం కాదు) మూడు వందల కిలోమీటర్ల లోపే. కొండ కిందుగా వెళ్ళే లా లీనియా రోడ్డు సొరంగం 2020లో తెరిచాక దారి కాస్త మెరుగైందంటారు. అయినా రెండు కొండల వరసలు దాటాలి, ఏడెనిమిది గంటలు పడుతుంది. మ్యాపులో దూరం చూసి మోసపోకూడదు, మన పాడేరు ఘాటు ఎక్కినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. విమానంలో గంట. అందుకని దిగిన రోజే ఇంకో విమానం పట్టుకుని ఆర్మేనియా వెళ్ళి, అక్కణ్ణుంచి సలెంతో ఊళ్ళో రెండు రాత్రులు. చివరి రాత్రి బొగొటాలో.

చివరి రాత్రి బొగొటాలో పెట్టడం గురించి మా అమ్మాయితో గట్టి వాదన జరిగింది. ‘కొండ ఊళ్ళోనే ఇంకో రాత్రి ఉండి పొద్దున్నే ఎగిరిరా, టైము కలిసొస్తుంది’ అంటుంది. లోపలి విమానం టికెట్టు వేరు, ఇండియా వచ్చే టికెట్టు వేరు. పొగమంచుకో వానకో మొదటిది ఆగితే రెండోది నా కోసం ఆగదు, డబ్బూ రాదు. ఒక రాత్రి పోయినా నిద్ర పడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఆర్మేనియా 1,500 మీటర్ల లోపు, సలెంతో 1,900 దాకా. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, ముందు అక్కడ సర్దుకుని తరవాత బొగొటా ఎక్కితే తలనొప్పి తక్కువ ఉంటుందని డాక్టరు గారూ అన్నారు.

సలెంతో వెళ్ళినవాళ్ళంతా కొకోరా లోయకి వెళ్తారు. అరవై మీటర్ల దాకా పెరిగే మైనపు తాటిచెట్లు అక్కడివే, ఆ దేశపు జాతీయ వృక్షం. పూర్తి చుట్టు నడక అయిదారు గంటలు. నేను నడవను. పొద్దున్నే చౌరస్తాలో పాత విల్లీస్ జీపు ఎక్కి, లోయ మొదట్లో చెట్లు చూసి, ఫొటో దిగి వచ్చేస్తాను. ఆ జీపుల్లో వెనక నిలబడి వేలాడుతూ కూడా వెళ్తారట. సంత రోజు మన ఏజెన్సీ జీపులు చూసినవాళ్ళకి ఇందులో వింతేం లేదు. మిగతా టైమంతా తోటలోనే. పర్యాటకులకి చూపించడానికే నడిపే తోట కాకుండా, గింజలు నిజంగా అమ్ముకుని బతికే కుటుంబం ఒకటి కావాలని బస చేసే ఇంటివాళ్ళకి రాశాను. అక్కడ అయిదు లక్షలకు పైగా కుటుంబాలు కాఫీ మీద ఉన్నాయి, దొరక్కుండా పోదు. వాళ్ళ కాఫీ రైతుల సమాఖ్య 1927 నాటిది. రోజూ ఒక ధర ప్రకటిస్తుంది, సరుకు నాణ్యంగా ఉంటే కొనే పూచీ ఉంటుంది. మన జీసీసీ (గిరిజన సహకార సంస్థ) కూడా పాతదే, 1956 నుంచి ఉంది. రైతు చేతికి నికరంగా ఎంత వస్తుందన్నది రెండు చోట్లా అడిగి పోల్చాలని ఉంది. అడిగితే చెబుతారో లేదో, భాష ఒకటి అడ్డం. నాకు స్పానిష్‌లో వచ్చినవి నాలుగు ముక్కలు. ఫోన్‌లో ఆఫ్‌లైన్ అనువాదం దింపుకున్నాను, ఆ నాలుగు ముక్కలూ కాగితం మీద కూడా రాసుకున్నాను.

వీసా గురించి చాలామంది అడిగారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలు మనలో ఎక్కువ కాబట్టి వివరంగా చెబుతాను. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉండి, కొలంబియాలో దిగేనాటికి దానికి ఇంకా కనీసం 180 రోజుల గడువు ఉంటే, ఇండియా పాస్‌పోర్టు మీద వేరే వీసా లేకుండా వెళ్ళొచ్చు. యూరప్ దేశాల ఉమ్మడి వీసా షెంగెన్‌కీ అదే పద్ధతి. మా ఇద్దరికీ పదేళ్ళ విజిటర్ వీసాలు కాబట్టి ఇబ్బంది లేదు. హెచ్1బీ మీద ఉన్న పిల్లలు మాత్రం జాగ్రత్త. పాస్‌పోర్టులో స్టాంపు గడువు అయిపోయి, చేతిలో అప్రూవల్ కాగితం ఒక్కటే ఉంటే అది వీసా కాదు. కెనడా, మెక్సికోలకి కొద్ది రోజులు వెళ్ళొచ్చేవాళ్ళకి ఉన్న వెసులుబాటు కొలంబియాకి లేదు, తిరిగి అమెరికాలోకి రావడం కష్టమవుతుంది. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు చెక్‌మిగ్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి, ఉచితమే. నిబంధనలు మారుతుంటాయి, టికెట్టు కొనే ముందు ఢిల్లీలోని వాళ్ళ ఎంబసీలో మళ్ళీ అడగండి.

అసలు చిక్కు వీసా కాదు, ఎల్లో ఫీవర్ టీకా. కొలంబియా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. 2025 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితి కూడా ప్రకటించింది. ఎక్కువ కేసులు తొలిమా ప్రాంతంలో, నేను వెళ్ళే కిందియోకి అది పక్కనే. అక్కడికి వెళ్ళడానికి అడిగినా అడక్కపోయినా, అక్కణ్ణుంచి ఇండియాలో దిగినప్పుడు టీకా కార్డు చూపించాలి. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మూడు రాత్రుల సంబరానికి ఆరు రోజుల జైలన్నమాట. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు, ఆ తరవాత జీవితాంతం చెల్లుతుంది. ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. విశాఖలో పోర్టు ఆరోగ్య కార్యాలయం ఉంది, హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం ఉంది.

మా ఆయనకి అరవై దాటాయి. ఆ వయసులో మొదటిసారి ఈ టీకా వేస్తే అరుదుగానైనా పెద్ద రియాక్షన్ రావచ్చట, తప్పనిసరి అయితేనే వేయించుకోమన్నారు డాక్టరు. తప్పనిసరి కాదు కదా. ఆయన న్యూజెర్సీ నుంచి నేరుగా వచ్చేస్తారు. మొదట కొంచెం బాధపడ్డాను గానీ, ఇందులో మీకొక లాభం ఉంది. కొట్టు నేను రాకముందే తెరుచుకుంటుంది. పెద్ద సూట్‌కేసులు కూడా ఆయనతోనే వెళ్తాయి. ఇరవై నాలుగు గంటలు దాటి ఆగితే సామాను మధ్యలో మనమే తీసుకోవాలి, లోపలి చిన్న విమానాల్లో దానికి వేరే డబ్బు కట్టాలి. నాకు ఒక భుజాన సంచి, ఒక చిన్న పెట్టె చాలు.

ఒంటరిగానా అని అత్తయ్య గారు టెన్షన్ పడుతున్నారు. భయం నాకూ ఉంది. రోడ్డు మీద ఫోన్ బయటికి తీయకూడదు, టాక్సీ బసవాళ్ళ చేత పిలిపించుకోవాలి, తెలియనివాళ్ళు ఇచ్చింది తాగకూడదు, బొగొటా పాత బస్తీలో చీకటి పడ్డాక తిరగకూడదు. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా సాయంత్రం ఆరింటికే చీకటి. డబ్బు డాలర్లలో కొంత, కార్డులో కొంత. అక్కడి పెసో మన రూపాయికి దాదాపు నలభై వస్తాయి, భోజనానికి వేలల్లో బిల్లు చూసి గుండె ఆగకూడదని ముందే లెక్క ప్రాక్టీసు చేస్తున్నాను.

తిండికి నాకు బెంగ లేదు, చేపలు తింటాను, సలెంతోలో ట్రౌట్ చేపే స్పెషల్. శాకాహారులు వెళ్తే మాత్రం ‘కార్నె (మాంసం) వద్దు’ అంటే సరిపోదు, అక్కడ చాలామందికి అది ఎర్ర మాంసం మాత్రమే. కోడి వద్దని కూడా విడిగా చెప్పాలి. చిక్కుడు గింజల కూరలో పంది మాంసం ముక్క వేసి ఉడికించే అలవాటు ఉంది, అడిగి తినాలి. మొక్కజొన్న రొట్టెలు, అరటికాయ వేపుళ్ళు, అన్నం, అవకాడో, లక్ష్మణఫలం జ్యూసు దొరుకుతాయి. కందిపొడి ఒక చిన్న సీసా నేనూ పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు ఆర్డర్ల సంగతి. మే మొదటి వారం ఆఖరి రోస్టు. నెలనెలా కొరియర్‌లో తెప్పించుకునేవాళ్ళకి ఆ రోస్టు నుంచే పంపుతాను. ఇంట్లో గ్రైండర్ ఉంటే ఈసారికి పొడి బదులు గింజలు తీసుకోండి, ఎక్కువ రోజులు వాసన నిలుస్తుంది. పొడే కావాలంటే గాలి చొరని డబ్బాలో పోసి బయటే పెట్టుకోండి, ఫ్రిజ్‌లో వద్దు. టిఫిన్ సెంటర్ల వాళ్ళకి మేము లేని రోజులకి సరిపడా సరుకు ముందే దింపుతాం, ఎంత కావాలో ఏప్రిల్ ఆఖరులోగా చెప్పాలి. తరవాత ఫోన్ చేస్తే నేను బొగొటాలో నిద్రపోతుంటాను, మనకీ వాళ్ళకీ పదిన్నర గంటల తేడా.

మా ఆయన వచ్చాక కొట్టు పొద్దుటిపూట మాత్రమే. రోస్టు ఆయనే చేస్తారు. ఆయన చేతిలో మీడియం కాస్త ముదురుతుంది, ముదురు ఇష్టపడేవాళ్ళకి ఆ వారం పండగ. పీబెర్రీ ఇప్పటికీ లేదు. మరమ్మతుకి ఇచ్చిన ఇత్తడి ఫిల్టర్లు కొన్ని కొట్లోనే ఉన్నాయి, మీవి అయితే మేము బయల్దేరేలోగా వచ్చి తీసుకెళ్ళండి.