ఒక పీఈటీ ఎంపీ అయ్యారు, మా కాంట్రాక్టు మాత్రం అలాగే ఉంది: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

ఏజెన్సీలో ఆడపిల్లల హాస్టల్ బడిలో పనిచేసే ఒక కాంట్రాక్టు పీఈటీ, అంటే వ్యాయామ టీచర్, నమస్కరించి రాసుకునే లేఖ.

అయ్యా, మా అర్జీలు మీ దాకా వచ్చాయో లేదో తెలియదు. ఇచ్చిన ప్రతిచోటా ముద్ర వేసి తీసుకున్నారు. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అందుకే ఇలా నలుగురి ముందూ అడగాల్సి వస్తోంది.

2019లో అరకు నుంచి గొడ్డేటి మాధవి గారు లోక్‌సభకు గెలిచారు. కొయ్యూరు మండలం శరభన్నపాలెం ఆడబిడ్డ, చింతపల్లి ఎమ్మెల్యేగా చేసిన దేముడు గారి కూతురు. ఎంపీ కాకముందు ఆమె కూడా మాలాగే పీఈటీ. కేంద్ర మంత్రిగా చేసిన కిశోర్ చంద్రదేవ్ గారి మీద రెండు లక్షలు దాటిన మెజారిటీ వచ్చింది. అఫిడవిట్‌లో ఆమె చూపిన ఆస్తి లక్షన్నర కూడా లేదు. ఎంపీకి అంత తక్కువ ఆస్తా అని అందరూ ఆశ్చర్యపోయారు. మేము ఆశ్చర్యపోలేదు. మా జీతాలతో ఇల్లు నడిపేవాళ్లకి మిగిలేది అంతే.

పార్టీ ఏదన్నది మాకు ముఖ్యం కాదు. గ్రౌండ్‌లో పిల్లల్ని ఆడించిన మనిషి ఢిల్లీ వెళ్లింది, ఇక మా సంగతి కదులుతుందని ఆశపడ్డాం. ఆ ఐదేళ్లూ గడిచాయి. 2024లో ఆమె పోటీలోనే లేరు, ప్రభుత్వం కూడా మారింది. మాకు మాత్రం ఏటా అదే రెన్యువల్, అదే టెన్షన్.

పొద్దున్నే డ్రిల్లు, పగలు క్లాసులు, సాయంత్రం ఆటలు. రాత్రి హాస్టల్ డ్యూటీ కూడా మాదే. అర్ధరాత్రి పిల్లకి జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లేది మేమే. అప్పుడెవరూ మీది కాంట్రాక్టు కదమ్మా, ఉండండి అనరు. జీతం అడిగినప్పుడే ఆ మాట గుర్తొస్తుంది. నెల జీతం నెలకి రాదు. వచ్చేలోగా కిరాణా కొట్లో అప్పు, చీటీ కట్టలేక మాటలు పడటం. పర్మినెంట్ కాదని బ్యాంకులో లోన్ ఇవ్వరు. వయసు దాటిపోయి డీఎస్సీ ఆశ వదులుకున్నవాళ్లు మాలో ఎందరో ఉన్నారు.

సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకీ వర్తిస్తుందని 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది కదండీ. అది మా దాకా ఎందుకు రాలేదు? మాజీ ఎంపీకి నెలకు 31,000 రూపాయల పింఛను ఉంది, ఒక్కసారి గెలిచినా వస్తుంది. మాధవి గారికి అది వస్తే మాకు సంతోషమే. కానీ ఆమె ఆ పీఈటీ ఉద్యోగంలోనే ఉండిపోయి ఉంటే, ముసలితనంలో ఆమెకి ఏం మిగిలేది? మాకు ఏం మిగులుతుంది? దయచేసి ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

మమ్మల్ని రెగ్యులర్ చేయండి. వెంటనే కుదరకపోతే కనీసం టైం స్కేలు, అంటే ఆ పోస్టుకున్న రెగ్యులర్ జీతం స్కేలు, ఇవ్వండి, ఒకటో తారీఖున జీతం వేయండి. అదీ కుదరదంటే, ఎందుకు కుదరదో కాగితం మీద రాసి పంపించండి. మీ సంతకంతో వచ్చే ఆ జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
ఒక కాంట్రాక్టు పీఈటీ,
అల్లూరి సీతారామరాజు జిల్లా