బుడగలు ఆగితే బీర్ రెడీ అయినట్టు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇంట్లో బీర్ తయారుచేసుకోవడం గురించి మీ ఆదివారం పేజీలో వచ్చిన ఆర్టికల్ చదివాను, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) గురించీ హాప్స్ (చేదుకీ వాసనకీ వేసే పువ్వులు) గురించీ బాగానే రాశారు కానీ చివర్లో ఎయిర్‌లాక్‌లో (పులిసే డబ్బా మూతకి పెట్టే, లోపలి గ్యాస్‌ని బయటికి వదిలే నీళ్ళ గొట్టం) బుడగలు ఆగిపోతే ఇక బాటిల్స్‌లో పోసేయొచ్చు అన్నారు చూడండి, ఆ ఒక్క లైను దగ్గర మాత్రం ఊరుకోలేక రాస్తున్నా, ఎందుకంటే అది నమ్మి చేస్తే గాజు బాటిల్ పేలి చేతికో కంటికో తగిలే ప్రమాదం ఉంది.

బుడగ చెప్పేది గ్యాస్ అటుగా బయటికి పోతోందని, అంతే. మూత కాస్త లూజుగా ఉంటే గ్యాస్ ఆ సందులోంచి పోతుంది, లోపల షుగర్‌ని తిని ఆల్కహాల్, గ్యాస్ చేసే ఈస్ట్ జోరుగా పనిచేస్తున్నా ఎయిర్‌లాక్ కదలదు. పులియడం ఎప్పుడో అయిపోయిన బీర్‌లో కూడా గది వేడెక్కితే కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి బుడగలు మళ్ళీ మొదలవుతాయి. చలి ఎక్కువైతే ఈస్ట్ అడుక్కి దిగిపోయి షుగర్ అలాగే మిగిలిపోతుంది, అప్పుడూ బుడగలు ఉండవు.

చూడాల్సింది హైడ్రోమీటర్, అంటే బీర్ ఎంత చిక్కగా ఉందో తేలుతూ చూపించే గాజు గొట్టం, షుగర్ తగ్గేకొద్దీ దాని రీడింగ్ తగ్గుతుంది. శాంపిల్‌ని జార్‌లో పోసి, గ్యాస్ పోయేదాకా బాగా కలిపి, హైడ్రోమీటర్ వేసి వేళ్ళతో గిర్రున తిప్పి వదలాలి, లేకపోతే దానికి అంటుకున్న చిన్న బుడగలు పైకి లేపేసి రీడింగ్ ఎక్కువ చూపిస్తాయి. కన్ను లెవెల్‌కి వంగి చూడాలి, గాజు అంచుకి ఎగబాకిన గీత కాదు, మధ్యలో ఉన్న మట్టం. చాలావాటికి 20 డిగ్రీల దగ్గర కొలత సరిగ్గా ఉంటుంది, శాంపిల్ వేడిగా ఉంటే తక్కువ చూపిస్తుంది. చూశాక ఆ శాంపిల్‌ని తిరిగి డబ్బాలో పోయకండి, తాగి రుచి చూడండి.

నీళ్ళని 1.000 అనుకుంటే, 1.050 రీడింగ్ దగ్గర మొదలైన మామూలు ఏల్ (ఓ రకం బీర్) 1.010, 1.012 ప్రాంతంలో ఆగుతుంది, కానీ మ్యాష్ (మాల్ట్‌ని వేడినీళ్ళలో నానబెట్టడం) వేడి 68, 69 డిగ్రీలకి వెళ్తే పులవని షుగర్ ఎక్కువై ఇంకా పైనే ఆగొచ్చు, అందుకే ఫలానా నంబర్ రాగానే అయిపోయింది అనుకోకూడదు. రెండు మూడు రోజుల తేడాతో తీసిన రీడింగ్స్ ఒకేలా ఉండాలి, అదీ మీరు అనుకున్న చోటుకి దగ్గర్లో. 1.025 దగ్గరే కదలకుండా కూర్చుంటే అది అయిపోవడం కాదు ఇరుక్కుపోవడం, కాస్త వెచ్చగా పెట్టి అడుగున ఉన్న ఈస్ట్‌ని మెల్లగా కదపండి. డ్రై హాప్ చేసినా, అంటే పులిసే బీర్‌లో విడిగా హాప్స్ వేసినా మళ్ళీ రీడింగ్ తీయాలి, హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని విడగొట్టి ఈస్ట్‌కి మళ్ళీ మేత ఇస్తాయి.

ఇంత ఎందుకు పట్టుబడుతున్నానంటే, 1.010కి దిగాల్సిన బీర్‌ని 1.014 దగ్గరే బాటిల్ చేశారనుకోండి, ఆ నాలుగు పాయింట్ల (0.004) షుగర్ ఒక్కటే లీటర్ బీర్‌కి దాదాపు రెండు లీటర్ల గ్యాస్ పుట్టిస్తుంది, బాటిల్‌లో నురగ కోసం మనం విడిగా వేసే ప్రైమింగ్ షుగర్ గ్యాస్ దానిమీద అదనం. గాజు ఎంతని తట్టుకుంటుంది చెప్పండి?

రీడింగ్ నిలబడ్డాక ఇంకో చిన్న పరీక్ష ఉంది, గ్లాసుడు బీర్‌ని మూతపెట్టి 60 డిగ్రీల పైన వేడినీళ్ళలో ఓ అరగంట ఉంచి చల్లార్చి వాసన చూడండి, వెన్న వాసన కొడితే ఈస్ట్ పని ఇంకా మిగిలే ఉంది, ఇంకొన్ని రోజులు వదిలేయండి.

దయచేసి వచ్చే ఆదివారం అదే పేజీలో ఆ లైను సరిచేసి వేయండి. ఆర్టికల్ చూసి ఇప్పటికే బాటిల్స్‌లో పోసేసి అనుమానంగా ఉన్నవాళ్ళు ఉంటే, చేతికి మందపాటి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని వాటిని ఫ్రిజ్‌లోకి మార్చమని, బాగా చల్లబడ్డాక గుడ్డ కప్పి ఒక్కోటి మెల్లగా ఓపెన్ చేసి గ్యాస్ వదలమని కూడా రాయండి.

ఇట్లు
మీ పాఠకుడు