డిటెక్టివ్ వింటున్నప్పుడు చూడు

కడప

ఒరే మామా,

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో రెండు ముక్కలు కొట్టి పంపిస్తే నీకూ తృప్తి ఉండదు, నాకూ ఉండదు. అందుకే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. నవల్లో డిటెక్టివ్ ఎట్లా ఉంటాడని రాశారో అచ్చం అట్లాంటి మనిషిని వెతికి తెస్తే టీవీ వాళ్లకు సగం పని అయిపోయినట్టే అన్నావు. ముక్కు, ఎత్తు, మీసం సరిపోతే చాలంటావు. నేను ఒప్పుకోను. ఇన్నేళ్లుగా ఈ సీరియళ్లు చూసీ చూసీ నాకంటూ ఒక కొలత పెట్టుకున్నాను. డిటెక్టివ్ మాట్లాడేటప్పుడు ఎవడైనా బాగానే చేస్తాడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కూర్చుని వింటాడు చూడు, నటుడి సత్తా తెలిసేది అక్కడ.

ఎందుకో చెప్తా విను. షెర్లాక్ హోమ్స్ కథలు మనకు చెప్పేది అతని స్నేహితుడు డాక్టర్ వాట్సన్. అగాథా క్రిస్టీ రాసిన డిటెక్టివ్ ప్వారో మొదటి కథలు చెప్పేది అతని స్నేహితుడు హేస్టింగ్స్. బెంగాలీ డిటెక్టివ్ బ్యోమకేశ్ కథలు చెప్పేది అతని స్నేహితుడు అజిత్. వీళ్లకే డిటెక్టివ్ మనసులో ఏముందో తెలీదు కాబట్టి మనకూ తెలీదు. "అతని కళ్లు ఒక్కసారి మెరిశాయి" అని రాసేసి రచయిత హాయిగా ముందుకు పోతాడు. టీవీలో ఆ తెర ఉండదు. కెమెరా నేరుగా మొహం మీదికే వస్తుంది. ఈ మనిషి ఆలోచిస్తున్నాడని మనకు కనబడాలి, ఏం ఆలోచిస్తున్నాడో మాత్రం చిక్కకూడదు. ఈ రెండు పనులూ ఒక్క మొహమే చెయ్యాలి. దీనికి ముక్కు పొడుగు ఏం సాయం చేస్తుంది చెప్పు?

నాకు ఈ సంగతి మొదట తెలిసింది మన దూరదర్శన్ బ్యోమకేశ్ బక్షీతోనే. 1993లో వచ్చింది, బాసు ఛటర్జీ తీశాడు, 1997లో మళ్లీ కొన్ని కథలు వేశారు. మనకు అప్పటికి బళ్లో నేర్చుకున్న హిందీ తప్ప ఇంకేం రాదు. పక్కింటి చాచా మధ్యమధ్యలో ఉర్దూ కలిపిన తెలుగులో కథ అందించేవాడు, గుర్తుందా? ఆయన చెప్పేలోపు సీను మారిపోయేది. అందుకని మనం బ్యోమకేశ్‌గా వేసిన రజిత్ కపూర్ మొహాన్నే పట్టుకుని కూర్చునేవాళ్లం. మాటలు సరిగా అందకపోయినా కథ అందేది. మొన్న మళ్లీ వేసుకుని చూశాను. ఇప్పుడు మాటలన్నీ అర్థమవుతున్నాయి, అయినా నా కళ్లు ఆ మొహం మీదే ఉన్నాయి.

మొదటి కథే తీసుకో. కలకత్తాలో ఒక మెస్సు. చుట్టుపక్కల వరసగా హత్యలు జరుగుతుంటాయి. అతుల్ అనే పేరుతో పని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడిలాగా బ్యోమకేశ్ ఆ మెస్సులో చేరి, అజిత్ గదిలోనే ఉంటాడు. చదివేటప్పుడు మనకు అతుల్ మీద అనుమానం రాకుండా ఈ కథలు రాసిన శరదిందు బందోపాధ్యాయ్ అజిత్ గొంతుతో కాపాడుకుంటూ వస్తాడు. టీవీలో కపూర్‌కి ఆ సాయం లేదు. అమాయకంగా కనబడాలి, కానీ నిజం బయటపడ్డాక మనం వెనక్కి తల్చుకుంటే "అవునురా, అప్పుడే అన్నీ గమనిస్తున్నాడు" అనిపించాలి. అతను గొంతు పెంచడు. ఒక ప్రశ్న అడిగి ఆగుతాడు. ఆ ఆగడంలోనే ఎదుటివాడికి టెన్షన్ మొదలవుతుంది. ధోవతి కట్టుకున్న మామూలు బెంగాలీ గృహస్థు అంత తెలివైనవాడని నమ్మించడానికి వేరే హంగులేవీ పెట్టుకోలేదు. అజిత్‌గా వేసిన కె.కె. రైనాని కూడా మరిచిపోవద్దు. పక్కన తెలివితక్కువవాణ్ణి పెట్టి డిటెక్టివ్‌ని గొప్పవాణ్ణి చెయ్యడం సులభం. రైనా అజిత్ తెలివైనవాడే, అందువల్ల బ్యోమకేశ్ ఇంకా ఎత్తు కనిపిస్తాడు.

ఇదే కారణంతో నాకు జెరెమీ బ్రెట్ హోమ్స్ కూడా ఇష్టం. గ్రెనాడా టెలివిజన్ వాళ్లు 1984 నుంచి 1994 దాకా తీశారు. వాట్సన్‌గా మొదట డేవిడ్ బర్క్, తర్వాత ఎడ్వర్డ్ హార్డ్‌విక్. పాత నలుపు తెలుపు సినిమాల్లో నైజెల్ బ్రూస్ వాట్సన్‌ని నవ్వుల పాత్ర చేశాడు. వీళ్లిద్దరూ అతణ్ణి మళ్లీ డాక్టర్‌గా, యుద్ధానికి పోయొచ్చిన మనిషిగా నిలబెట్టారు. బ్రెట్ హోమ్స్ అలవాట్లన్నీ కథల్లోంచి ఏరి పెద్ద నోట్సు రాసుకున్నాడు: ఏం తింటాడు, ఎట్లా కూర్చుంటాడు, ఎప్పుడు నవ్వుతాడు. కాని నోట్సు చదివి వేసినట్టు ఉండదు. కక్షిదారు కష్టం చెప్పుకుంటుంటే వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంటాడు, శిలలాగా. ఒక్క మాట దగ్గర కళ్లు తెరుస్తాడు. అప్పుడు ఆ మాట ముఖ్యమని మనకు తెలుస్తుంది, ఎందుకు ముఖ్యమో తెలీదు. చివరి భాగాల్లో ఆయన ఒంట్లో బాగాలేని సంగతి తెర మీద తెలుస్తూనే ఉంటుంది. మనిషి బరువెక్కాడు, ఆ వేగం తగ్గింది. 1995లో పోయాడు. ఆ భాగాలు చూస్తే నాకు మనసు బరువెక్కుతుంది, అయినా వినే సీన్లలో పట్టు మాత్రం వదల్లేదు.

కంబర్‌బాచ్ గురించి నువ్వు అంత రాశావు కాబట్టి చెప్తున్నా. మంచి నటుడు, కాదన్ను. అతను వేసిన షెర్లాక్ సీరియల్లో లాగా ఈ కాలపు లండన్లోకి హోమ్స్‌ని తేవడం కూడా తప్పు కాదు. నా బాధల్లా ఒక్కటే. అతను ఒక మనిషిని చూడగానే కనిపెట్టినవన్నీ అక్షరాలై తెర మీద తేలుతుంటాయి. నటుడు మొహంతో చెయ్యాల్సిన పని అక్షరాలు చేసేస్తున్నాయి. మనం మొహం చూడ్డం మానేసి చదవడం మొదలుపెడతాం. అక్షరాలు లేని సీన్లలో అతను నాకు ఎక్కువ నచ్చుతాడు.

ఇక డేవిడ్ సుషే. నీ పోలికల వాదానికి బలం ఇచ్చేవాడు ఎవరైనా ఉంటే ఇతనే: కోడిగుడ్డు తల, మెలితిప్పిన మీసం, చిన్న చిన్న అడుగులు, పొట్ట కోసం లోపల కట్టుకున్న దిండు. 1989 నుంచి 2013 వరకు 70 భాగాల్లో ప్వారోగా వేశాడు. అంతకుముందు 1985లో ఒక టీవీ సినిమాలో ఇతను ఇన్‌స్పెక్టర్ జాప్, ప్వారో ఏమో పీటర్ ఉస్తినోవ్! ఆ ప్వారో వేషం తనకే వచ్చినప్పుడు అగాథా క్రిస్టీ పుస్తకాలన్నీ చదివి ప్వారో గుణాలు నంబర్లు వేసి రాసుకున్నాడు, 93 దాకా తేలాయి. గొంతు కూడా మార్చాడు. తన సొంత గొంతు ఛాతీలోంచి వస్తుంది, ప్వారో బతికేదంతా తలలోనే కాబట్టి గొంతు తలలోకి ఎక్కాలని పట్టుబట్టి సాధన చేశాడు.

షూటింగ్ మొదలైన రోజుల్లో ఒక గొడవ జరిగింది. ప్వారో పార్కులో బెంచీ మీద కూర్చోవాలి. జేబురుమాలు తీసి బెంచీ తుడిచి, దాన్ని పరిచి కూర్చుంటానన్నాడు సుషే. దర్శకుడు, జనం నవ్వుతారు, వద్దన్నాడు. ప్వారో అట్లా చెయ్యకుండా కూర్చోనే కూర్చోడని ఇతని పంతం. పని ఆగిపోయింది. చివరికి రుమాలే గెలిచింది. నాకు ఇందులో నచ్చింది పంతం కాదు మామా. ఆ రుమాలు పరిచే పని అతను ఎంత శ్రద్ధగా చేస్తాడంటే, హత్య జరిగిన గదిలో ఒక అంగుళం పక్కకు జరిగిన వస్తువును ఈ మనిషే చూడగలడని మనకు నమ్మకం కుదురుతుంది. చాదస్తమూ తెలివీ ఒకే వేరు నుంచి వచ్చాయని అర్థమవుతుంది. క్రిస్టీ కూతురు ఆయనకు ముందే చెప్పిందట, ప్వారోని చూసి జనం నవ్వకూడదు, ప్వారోతో కలిసి నవ్వాలి అని. సుషే ఆ మాట చివరిదాకా నిలబెట్టాడు.

కానీ నన్ను అడిగితే, అందరికంటే పైమెట్టు క్రిస్టీదే ఇంకో డిటెక్టివ్, ముసలామె మిస్ మార్పుల్‌గా వేసిన జోన్ హిక్సన్‌ది. బీబీసీలో 1984 నుంచి 1992 వరకు మిస్ మార్పుల్ నవలలు పన్నెండూ తీశారు. మొదలుపెట్టేటప్పటికి ఆమెకు 78 ఏళ్లు. 1940ల్లో ఆమె చిన్న వేషం ఒకటి నాటకంలో వేస్తుంటే క్రిస్టీ చూసి, ఎప్పటికైనా నా మార్పుల్ నువ్వే వెయ్యాలని చీటీ రాసిందంటారు. 1961లో మార్గరెట్ రూథర్‌ఫర్డ్ మార్పుల్‌గా చేసిన సినిమాలో హిక్సన్ పక్క పాత్ర వేసింది కూడా. తన వంతు వచ్చేసరికి ఆ వయసు.

ఆమె ఏం చేస్తుందంటే, ఏమీ చెయ్యదు. కూర్చుని ఊలు అల్లుకుంటుంది. ముసలామే కదా అని అందరూ ఆమె ముందే అన్నీ మాట్లాడేస్తారు. మన వీధిలో అరుగు మీద కూర్చున్న అవ్వలు చూడు, ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరి మొహం ఎందుకు మాడిందో అన్నీ వాళ్లకు తెలుసు. మార్పుల్ కూడా అంతే, హంతకుణ్ణి చూస్తే ఆమెకు తన ఊళ్లోని ఫలానా పనిమనిషో కసాయివాడో గుర్తొస్తారు. హిక్సన్ కళ్లు మాత్రం చల్లగా ఉంటాయి. జాలి ఉంది, మెత్తదనం లేదు. చెడ్డతనాన్ని చిన్నప్పటి నుంచీ చూసి చూసి ఆశ్చర్యపోవడం మానేసిన మనిషి కళ్లు అవి. తర్వాత ఐటీవీలో జెరాల్డిన్ మెక్‌ఇవాన్, జూలియా మెకెంజీ వేశారు. వాళ్లని చూస్తే ఆత్మీయంగా అనిపిస్తుంది, కానీ భయం వెయ్యదు. హిక్సన్ నోరు తెరవకుండానే భయపెడుతుంది.

నీ వాదానికి అసలు దెబ్బ పోలీసు డిటెక్టివ్ మోర్స్. కోలిన్ డెక్స్టర్ నవలల్లో మోర్స్‌కి మొదట లాన్సియా కారు. టీవీలో మోర్స్‌గా వేసిన జాన్ థాకి ఎర్ర జాగ్వార్ కారు ఇచ్చారు. పుస్తకాల్లో సహాయకుడు లూయిస్ వయసులో మోర్స్ కంటే పెద్ద, వేల్స్ వాడు. టీవీలో కెవిన్ వేట్లీ, కుర్రవాడు, ఉత్తర ఇంగ్లండ్ యాస. నీ లెక్కన ఇది ఘోరం కావాలి. జరిగింది ఏమంటే, డెక్స్టరే తన తర్వాతి పుస్తకాల్లో జాగ్వార్ పెట్టేశాడు, లూయిస్‌ని టీవీ లూయిస్ వైపు మార్చుకున్నాడు. దాదాపు ప్రతి భాగంలోనూ ఎక్కడో ఒక మూల తనే కనబడిపోయేవాడు. 1987 నుంచి 2000 వరకు 33 భాగాలు. మోర్స్ కోపిష్ఠి, పాటల పిచ్చి, ఒంటరి మనిషి. థా సోఫాలో వాలి సంగీతం వింటుంటే కేసు అతని తలలో తిరుగుతున్నట్టు కనబడుతుంది. పోలిక కుదరలేదు, మనిషి కుదిరాడు. ఇంక ఏం కావాలి?

వీళ్లందర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక విషయం తట్టింది. బ్రెట్ లండన్ నేషనల్ థియేటర్లో చేసినవాడు. సుషే షేక్‌స్పియర్ నాటకాల కంపెనీ మనిషి. హిక్సన్ కూడా రంగస్థలం మీద చేసిన మనిషే. రజిత్ కపూర్ బొంబాయి నాటకాలవాడు. నాటకంలో నీ డైలాగ్ లేనప్పుడు కూడా జనం ముందే నిలబడాలి, కట్ చెప్పేవాడు లేడు. ఎదుటివాడి మాట వింటూ బతికి ఉండటం అక్కడే అలవడుతుంది.

అందుకే మన తెలుగు టీవీని చూస్తే కడుపు మండుతుంది. ఎవరైనా ఒక మాట అంటే చాలు, గదిలో ఉన్న ప్రతి మొహం మీదికీ కెమెరా మూడేసిసార్లు దూకుతుంది, వెనక ఉరుము. ఎవర్నీ నిదానంగా విననివ్వరు. ఆ పద్ధతిలో డిటెక్టివ్ కథ తీస్తే మొదటి పది నిమిషాల్లో హంతకుడు దొరికిపోతాడు. మనకు కథలు లేవా? కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ లేడూ? అద్దె పుస్తకాల షాపులో ఆ నవలల కోసం ఎంత పోటీ పడేవాళ్లం! యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు జంటని ఒక్కసారైనా మంచి సీరియల్‌గా చూడాలని నాకు ఎంత కోరికో. పాత మద్రాసు, నిదానంగా సాగే కథ, ఎపిసోడ్‌కి ఒక కేసు, ఉరుములు లేకుండా.

వేషానికి సినిమా హీరోని వెతకొద్దు. మన జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక సమాజం పేరు దేశమంతా తెలుసు. ఇవాళ్టికీ రాయలసీమలో పద్యనాటకాలు ఆడే వాళ్లున్నారు. అట్లాంటి నాటకాల మనిషిని, నలభై దాటినవాణ్ణి, మొహం మనకు కొత్తగా ఉండేవాణ్ణి తెచ్చి యుగంధర్‌ని చెయ్యాలి. పుస్తకంలో ఎంత ఎత్తని రాశారో నేను పట్టించుకోను. ఆడిషన్లో డైలాగ్ చెప్పించొద్దు, ఎవరో అబద్ధం చెప్తుంటే పక్కన కూర్చోబెట్టి విననివ్వాలి.

నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు. కానీ జవాబు రాసేముందు హిక్సన్‌ది ఒక్కటి చూడు, ఆమె మాట్లాడని చోట్ల మాత్రమే జాగ్రత్తగా చూడు. ఆ తర్వాత యుగంధర్‌గా ఎవరైతే బాగుంటారో నీ మనసులో మాట రాయి. రాజు పాత్రకు కూడా ఒక పేరు చెప్పు, నాకు ఎంత ఆలోచించినా తట్టడం లేదు. పండక్కి వచ్చేటట్టయితే ముందే చెప్పు. కారం దోసెలు తిని ఇంటికొచ్చి బ్యోమకేశ్ మొదటి కథ ఇద్దరం కలిసి చూద్దాం. అమ్మకు, అక్కకు నా నమస్కారాలు చెప్పు.

నీ
మామ