గిల్టు నగల్లో నికెల్ మాట చెప్పరేం?

సంపాదకులు గారికి,

పెళ్లిళ్ల రోజుల్లో టీనగర్, షావుకారుపేట దుకాణాల్లో జోరుగా అమ్ముడయ్యే గిల్టు నగల్లో ఏ లోహాలున్నాయో కొనేవారికి తెలియడం లేదు. పూత అరిగాక లోపలి నికెల్ చెమటకు కరిగి చర్మంలోకి చేరుతుంది. చెన్నై ఉక్కపోతలో వేరే చెప్పాలా! మా కోడలికి జూకాలు పెట్టుకున్న మర్నాటికే తమ్మెలు ఎర్రబడి, దురదపెట్టి, రసి కారింది. ఈ అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, ఆపైన జీన్సు బొత్తాం తగిలినా దద్దుర్లే.

ఐరోపా సమాఖ్య 1994లోనే దీనిపై ఆదేశం తెచ్చింది. ఇప్పుడక్కడ ఒంటికి చాలాసేపు ఆనివుండే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు, చెవులూ ముక్కూ కుట్టిన చోట పెట్టే వాటి నుంచి 0.2కు మించి నికెల్ వెలువడకూడదు. మన హాల్‌మార్కు బంగారం స్వచ్ఛతను చెబుతుందే గాని, అందులో కలిపిన లోహమేదో చెప్పదు. గిల్టు నగకైతే దుకాణదారు చెప్పే ‘మంచి రకమేనమ్మా’ అన్న మాటే పూచీ.

డైమిథైల్‌గ్లైఆక్సిమ్ ద్రావణంలో తడిపిన దూదితో రుద్దితే, నికెల్ వెలువడే నగ దూదిని గులాబీ రంగుకు మారుస్తుంది. ఇంత తేలికైన పరీక్షను తయారీదారులకు తప్పనిసరి చేసి, ఫలితాన్ని పెట్టె మీద ముద్రించేలా భారతీయ ప్రమాణాల సంస్థ చర్య తీసుకోవాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, చెన్నై