పిల్లల పళ్ళలో పాదరసం ఇంకెన్నాళ్లు?

సంపాదకుడు గారికి,

తిరుపతిలో ఇప్పుడు ఏ వీధికెళ్లినా ఒక పళ్ళ క్లినిక్ ఉంది, మంచిదే. కానీ పిప్పిపన్నుకు ఫిల్లింగ్ చేయించుకుని బయటికొచ్చే వాళ్లలో ఎంతమందికి తమ నోట్లో ఏం పెట్టారో తెలుసు? బూడిద రంగులో ఉండే వెండి ఫిల్లింగ్‌లో బరువు లెక్కన దాదాపు సగం పాదరసమే, మిగతాది వెండి, తగరం, రాగి. ఇదేం రహస్యం కాదు, డెంటల్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పేషెంటుకే ఎవరూ చెప్పరు.

ఈమధ్య మా పాపను ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను. అక్కడ అసిస్టెంటుగా ఉన్న అమ్మాయి చిన్న కల్వంలో పొడి పోసి, సీసాలోంచి పాదరసం వంచి నూరి, ఆ ముద్దను గుడ్డలో మూటగట్టి పిండింది. మెరుస్తూ బయటికొచ్చిన బొట్లు కొన్ని ట్రేలో పడ్డాయి, కొన్ని సింకులోకి జారిపోయాయి. తలుపులు మూసి ఏసీ వేసిన గది. పాదరసం మామూలు వేడికే ఆవిరవుతుంది, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ గాలి పీల్చేది ఆ అమ్మాయే. పాపకు అది వద్దని చెప్పి వేరే సిమెంటు పెట్టించాను గానీ, అడగాలని తెలియని తల్లుల సంగతేంటి?

పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా అనే అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 2018లోనే ఆమోదించింది. 2022లో అందులో కొత్త మాటలు చేర్చారు. విడి పాదరసం సీసాల్లో తెచ్చి క్లినిక్‌లో కలపకూడదు, వాడితే ముందే కొలిచి మూసిన క్యాప్సూల్సే వాడాలి. 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు డాక్టరు తప్పనిసరి అనుకుంటే తప్ప పెట్టనివ్వకూడదు, కనీసం వద్దని చెప్పాలి. ఐరోపా సమాఖ్య దేశాలు 2025 జనవరి నుంచి దాదాపుగా మానేశాయి, ప్రపంచమంతా 2034 కల్లా ఆపాలని కూడా నిర్ణయం జరిగింది. మరి ఆ కల్వం, ఆ గుడ్డ మన ఊళ్లో ఇంకా ఎందుకున్నట్టు?

చవక, గట్టిగా ఉంటుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది అంటారు డాక్టర్లు. పెద్దవాళ్ల దవడ పళ్ళకు అది నిజమే. నాలుగైదేళ్లలో ఊడిపోయే పాలపన్నుకు అంత మన్నిక దేనికి? పాదరసం లేని గ్లాస్ అయానమర్ సిమెంటు ఉంది, పైగా అది పంటికి మేలు చేసే ఫ్లోరైడ్ కూడా వదులుతుంది.

ఇదంతా చదివి టెన్షన్ పడి, బాగున్న పాత ఫిల్లింగులు తీయించేసుకోవద్దని మాత్రం బతిమాలుతున్నాను. కదలకుండా ఉన్నదాని నుంచి వచ్చే ఆవిరి చాలా తక్కువ, డ్రిల్లు పెట్టి తవ్వినప్పుడే ఎక్కువ లేస్తుంది.

నాకు ఎక్కువ భయం చెత్త గురించి. మిగిలిన ముద్ద, ఫిల్లింగుతో సహా పీకిన పన్ను ఆస్పత్రి చెత్త వేసే పసుపు సంచిలో వేస్తే అది కాల్చే కొలిమికి పోతుంది, పాదరసం గాలిలో కలుస్తుంది. సింకులో పోస్తే కాలువ, చెరువు, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ఇంకా విషంగా మారిస్తే చేపల్లోంచి మళ్లీ మన కంచంలోకి. పక్క రాష్ట్రం తమిళనాడులోని కొడైకెనాల్‌లో థర్మామీటర్ ఫ్యాక్టరీ 2001లో మూతపడినా ఆ మట్టిలో పాదరసం గొడవ ఎన్నేళ్లు నడిచిందో చూశాం.

ఇంకో మాట. పాదరసంలాగే సీసం కూడా విషలోహమే, అది ఒంట్లోకి పోతే ఎముకల్లో, పళ్ళలో చేరి ఉండిపోతుంది. అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టరు బడిపిల్లల ఊడిన పాలపళ్ళు సేకరించి పరీక్షిస్తే, సీసం ఎక్కువున్న పిల్లలు తెలివి పరీక్షల్లో వెనకబడ్డారని 1979లో బయటపడింది. మనం పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటిమీదకి విసిరేస్తాం. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చోట్ల పెరిగే పిల్లల పళ్ళను మన మెడికల్ కాలేజీల వాళ్లు సేకరించి చూడకూడదా?

తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్య ఆరోగ్య అధికారులకు (డీఎంహెచ్‌ఓలకు) నా విన్నపం ఇది: సర్కారు ఆస్పత్రుల్లో, బడుల్లో పెట్టే దంత శిబిరాల్లో పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు పాదరసం ఫిల్లింగ్ ఆపండి. పంట్లో ఏం పెట్టారో ఓపీ చీటీ మీద తెలుగులో రాయించండి. మిగిలిన ముద్దను మూత డబ్బాలో దాచి విడిగా అప్పగించేలా ప్రైవేటు క్లినిక్‌లకు ఉత్తర్వు ఇచ్చి, ఇచ్చాక వెళ్లి చూడండి.

ఇట్లు
ఒక పాఠకురాలు, తిరుపతి